కౌస్తుభ్ కోచ్‌గా ఆఖరి శనివారం

మేం వలసొచ్చిన ఆష్‌బర్న్‌లో రగ్బీ లీగ్ క్లబ్ పెట్టిన ఏడు, జట్టుకి పదమూడు మంది కావాలంటే తొమ్మిది మందే దొరికారు. పదోవాడిగా మా అన్న కొడుకు కౌస్తుభ్ దూరాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఊపిరి కబడ్డీ. బాపట్లలో కాలేజీ జట్టుకి ఆడాడు. బంతి పట్టుకుని ఉరికేవాణ్ణి కింద పడేయడమే ఆటయితే, నాకు వచ్చిందే కదా అనుకున్నాడు.

వచ్చింది సగమే. కబడ్డీలో కూతకొచ్చినవాడి కాలు దొరికితే వాడి ఊపిరి ఆగేదాకా వదలరు. ఇక్కడ రిఫరీ "హెల్డ్" అనగానే వదిలేయాలి. మొదటి మ్యాచ్‌లో రిఫరీ మూడుసార్లు అన్నా మావాడు ఒకడి చీలమండ వదల్లేదు. పెనాల్టీ. ఆ వీడియో నేను పెళ్లిచూపుల వాళ్లకి కూడా పంపాను. అయినా పెళ్లయింది.

ఎనిమిదేళ్లు ఆడి, మోకాలు పోయాక కోచ్ అయ్యాడు. నీళ్ల సీసాలు మోసే పని నాది. ఒకసారి వాటిలో పచ్చిమిర్చి మజ్జిగ పోశానని నన్ను నెల రోజులు పక్కన పెట్టారు.

ఈ ఏడు వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడారు. ఆఖరిది కూడా పోతే కోచ్‌ని మారుస్తామని క్లబ్ సెక్రటరీ బ్రెండా చెప్పేసింది.

"ఈ ఒక్కటీ గెలిస్తే చాలు బాబాయ్. నాకు ఇంకేం చేతకాదు."

"టెస్టింగ్ చేతనవునుగా."

"అది అందరికీ చేతనవును."

ఆ శనివారం నిమిషం ఆట మిగిలుండగా మేం ఒక్క పాయింట్ ముందున్నాం. మా గోల్ గీతకి దగ్గర్లో విహాన్ అవతలివాణ్ణి పడేశాడు. విహాన్‌కి పందొమ్మిదేళ్లు, ఇక్కడే పుట్టాడు, తెలుగు అర్థమవుతుంది. రిఫరీ "హెల్డ్" అన్నాడు. విహాన్ చేతులు సడలుతున్నాయి. అప్పుడు కౌస్తుభ్ మైదానం అంచు నుంచి తెలుగులో అరిచాడు.

"పట్టు, పట్టు, వదలకు!"

విహాన్ వదల్లేదు. పెనాల్టీ కిక్‌కి రెండు పాయింట్లు. ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం.

పార్కింగ్‌లో బ్రెండా తీర్పు చెప్పింది. ఏడాదంతా నేర్పినా వినని కుర్రాడిది తప్పు, కోచ్‌ది కాదు. వచ్చే ఏడు విహాన్ వద్దు, కౌస్తుభ్ ఉండొచ్చు.

నేను కౌస్తుభ్ చెవిలో అన్నాను, "ఒరేయ్, ఆవిడకి తెలుగు రాదు. నోరు మూసుకో."

విహాన్ బూట్ల తాళ్లు విప్పుకుంటూ అన్నాడు, "ఇట్స్ ఓకే, కోచ్ అంకుల్. నాకు కాలేజ్ ఉంది కదా, టైమ్ ఉండదు."

"వీడికి అబద్ధం చెప్పడం కూడా రాదు బాబాయ్," అన్నాడు కౌస్తుభ్.

తరవాత బ్రెండాకి ఇంగ్లీషులో, తను అరిచిన మాటకి అర్థం చెప్పాడు. ఎందుకలా అరిచారని ఆవిడ అడిగింది. పదహారేళ్లప్పుడు నేర్చుకున్నది నోట్లోంచి వచ్చేసిందన్నాడు. ఆవిడ, చెప్పినందుకు థాంక్స్ అని కారెక్కింది.

సోమవారం క్లబ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. కోచ్ పేరు దగ్గర ఇంకెవరిదో పేరుంది. వచ్చే ఏటి జట్టులో విహాన్ పేరు నాలుగోది. కౌస్తుభ్ అది వాడికి ఫార్వర్డ్ చేసి, మీటింగ్ ఉందని లాప్‌టాప్ తెరిచాడు.