దిబ్బతో పాటు నడిచిన గీత

ఉద్యోగంలో చేరిన నలభయ్యో రోజున ఆమె మొట్టమొదటి నోటీసు రాసింది. అది కూడా సొంత మేనమామ మీద.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పిట్టల్ని కాపాడడానికి వేసిన గార్డు ఆమె. అక్కడి ఇసుకదిబ్బ మీద ఏటా నల్లటోపీ పిట్టలు గుడ్లు పెడతాయి. పిడికెడంత తెల్లటి పిట్టలు, నెత్తిన నల్ల టోపీ తగిలించుకున్నట్టుంటాయి. గూడు కట్టే శ్రమ పెట్టుకోవు. ఛాతీతో ఇసుకలో చిన్న గుంట చేసుకుని అందులోనే కూర్చుంటాయి. గుడ్లు కూడా ఇసుక రంగే కాబట్టి కాలి కింద చిట్లేదాకా అక్కడ గుడ్డుందని తెలీదు. అందుకని ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. గుడ్లు పెట్టే నాలుగు నెలలూ, ఎర్రరంగు తలలున్న గుంజలు పాతిన గీత దాటి మనుషులు గానీ పడవలు గానీ కుక్కలు గానీ లోపలికి పోకూడదు.

ఆ రోజు పొద్దున్నే పోటు నీరు తీసేసరికి ఆమె గట్టు మీదికి వచ్చింది. గీత లోపల, మోకాళ్ళ లోతు బురదలో ఒక మనిషి వంగి ఉన్నాడు. ఇనప పళ్ళున్న చేతి పారతో బురద గీరి ఆల్చిప్పల్లాంటి గుల్లలు ఏరి బుట్టలో వేసుకుంటున్నాడు. ఆ వంగడం చూడగానే ఎవరో తెలిసిపోయింది. ఊళ్ళో అందరూ గుల్లల మామయ్య అని పిలిచే ఆయన ఆమెకు నిజంగానే మామయ్య, తల్లికి తమ్ముడు. ముప్పై ఏళ్ళుగా ఆ బురదే ఆయన బతుకుతెరువు.

"మామయ్యా, బయటికి రా. గీత లోపలున్నావు."

"ఉన్నాను. ఎప్పుడూ ఉండేది ఇక్కడేగా."

"నోటీసు రాయాలి."

"నోటితో చెప్పేదాన్ని నోటీసు అంటారనుకున్నానే అమ్మాయ్. చెప్పావుగా, విన్నానుగా!"

ఆమెకు నవ్వొచ్చింది. పెదవి బిగబట్టి పుస్తకం తీసి రాసింది. ఆయన బురద చేతులు చొక్కాకు తుడుచుకుని సంతకం పెట్టాడు. ఏరిన గుల్లల్ని మళ్ళీ బురదలోకే వంచేసి, ఖాళీ బుట్ట చంకలో పెట్టుకుని గట్టెక్కాడు. అప్పుడు అడిగాడు.

"సరే, నేను తప్పు చేశాను. నీ గీత లోపల ఒక్క పిట్టని చూపించు."

ఆమె మెడలోని దుర్భిణీ గొట్టం కళ్ళకెత్తి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. బురద, నీళ్ళు, నాలుగు కాకులు. అంతే.

"పోయిన వరదకి దిబ్బ కదిలిపోయిందే. మీవాళ్ళు పాత పటం చూసి గుంజలు పాతారు. పిట్టలకి పటాలు చదవడం రాదు గదా! అవి దిబ్బతో పాటే అవతలికి పోయాయి."

తప్పించుకోవడానికి అంటున్నాడనుకుంది ఆమె. మాటకు ముందు చమత్కారం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇంటికి వెళ్ళేసరికి ఆమెకంటే ముందు కబురు చేరింది. తల్లి వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉంది.

"వేలు పట్టుకుని నడక నేర్పినవాడి మీద కాగితం రాశావా?"

"గీత దాటాడమ్మా."

"దాటితే ఒక అరుపు అరవాలి. ఉద్యోగం వచ్చి నెలన్నర కాలేదు, అప్పుడే చుట్టరికం కంటికి ఆనట్లేదా!"

కంచం ఠంగుమని బల్ల మీద పెట్టి తల్లి పెరట్లోకి పోయింది. ఆ రాత్రి ఆమె కంచంలో సగం వదిలేసింది. తల్లి తిట్టినందుకు కాదు. గీత లోపల ఒక్క పిట్ట కూడా లేదన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు తెడ్ల పడవ వేసుకుని ఒక్కతే మొగ అవతలికి వెళ్ళింది. గుంజలు దాటి అరమైలు పోయాక నీళ్ళ మధ్య కొత్త ఇసుక నాలుకలా చాచుకుని కనబడింది. ఆమె దిగీ దిగకముందే ఆకాశం తెల్లగా లేచింది. వందల రెక్కలు నెత్తి మీద తిరుగుతూ కీచుకీచుమని తిట్టిపోశాయి. ఎక్కడిదక్కడ ఆగిపోయి కిందికి చూసింది. బొటనవేలికి బెత్తెడు దూరంలో రెండు గుడ్లు, గులకరాళ్ళలా. వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ వెనక్కి పోయి, దూరంగా బోర్లా పడుకుని గొట్టంలోంచి లెక్కపెట్టింది. అరవై మూడు గుంటలు. మామయ్య అన్నది అక్షరాలా నిజం.

లెక్క పూర్తవుతుండగానే మోటారు చప్పుడు వినబడింది. ఆదివారం. స్పీడు బోటు ఒకటి సరాసరి దిబ్బకు వచ్చి ఆనింది. పది మందికి పైగా దిగి ఫోటోలు తీసుకుంటూ ఇసుక మీద అటూ ఇటూ నడవసాగారు. ఆమె చేతులూపుతూ నీటి అంచు వెంట పరిగెత్తింది.

"కింద గుడ్లున్నాయండీ! దయచేసి ఎక్కండి, బోటెక్కండి!"

బోటతను నిబంధన తెలిసిన మనిషి. "ఏంటమ్మా, గీత ఎక్కడో అక్కడుంటే ఇక్కడ ఆపుతారేంటి? గీత లోపలికి నేనొక్కసారైనా వచ్చానా?"

రాలేదు. వచ్చినవాళ్ళే పాపం, గుడ్లన్న మాట వినగానే బొమ్మల్లా బిగుసుకుపోయి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బోటెక్కారు. వాళ్ళు వెళ్ళాక ఇసుకంతా చూసింది. నాలుగు గుంటల్లో పసుపు రంగు తడి. అక్కడే కూలబడి కాసేపు ఏడ్చింది. కాపలా కాస్తున్నది ఖాళీ బురదని. పిట్టలేమో దిక్కులేకుండా ఇక్కడున్నాయి.

సోమవారం ఆఫీసు తలుపు తీయకముందే ఆమె మెట్ల మీద ఉంది. రేంజరు పదవీ విరమణకు దగ్గర పడ్డ మనిషి, మెత్తనివాడు. ఫ్యాను కింద ఎగిరిపోకుండా ఫైళ్ళ మీద తన టిఫిను డబ్బా బరువు పెట్టుకుంటాడు. ఆమె చెప్పిందంతా విని నిట్టూర్చాడు.

"పటం ఉత్తర్వులో భాగమమ్మా. పటం మార్చాలంటే పైనుంచి రావాలి. వచ్చే ఏడాదికి రాద్దాం."

"వచ్చే ఏడాదికి ఈ గుడ్లు ఉండవు సార్."

"నాకు తెలీకనా? నా చేతుల్లో ఉంటే ఇవాళే సంతకం పెట్టనూ!"

ఆ మాట పట్టుకుంది ఆమె. ఆయన చేతుల్లో ఏముందో చూద్దామని ఉత్తర్వు అడిగి తీసుకుంది. పదకొండు పేజీలు. ఉద్యోగంలో చేరిన రోజు మొదటి రెండూ చదివి సంతకం పెట్టింది, అందరిలాగే. ఇప్పుడు మూల బల్ల దగ్గర కూర్చుని వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివింది. తొమ్మిదో పేజీలో కింద ఎక్కడో ఉంది. గీత బయట గూళ్ళు కనబడితే, ఆ చోటు బాగా తెలిసిన స్థానికుడి వాంగ్మూలం తీసుకుని, రేంజరు స్వయంగా చూసి, రెండు నెలల తాత్కాలిక గీత గీయవచ్చు. నిబంధన రాసిన మనిషెవరో గానీ ఇసుక కదులుతుందని తెలిసినవాడే. దాన్ని ఇంతవరకూ ఎవరూ వాడలేదు, అంతే.

రేంజరు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "అరే! ఇన్నేళ్ళు ఈ కాగితం నా బల్ల మీదే ఉంది" అన్నాడు సిగ్గుపడుతూ. "మరి ఆ చోటు బాగా తెలిసినవాళ్ళెవరమ్మా?"

ఆమెకు తెలిసి, నీరు తీసినప్పుడు అంత దూరం నడిచే మనిషి ఒక్కడే ఉన్నాడు.

మామయ్య ఇంటి ముందు గట్టు మీద కూర్చుని బుట్ట అల్లిక సరిచేసుకుంటున్నాడు. ఆమెను చూసి పక్కకు జరిగాడు. ఆమె కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నువ్వు చెప్పింది నిజం మామయ్యా. నేను నమ్మలేదు. నాలుగు గూళ్ళు పోయాయి."

ఆయన చేతులు ఆగిపోయాయి. "తొక్కేశారా?"

"ఊఁ. నువ్వు వచ్చి వాంగ్మూలం ఇస్తే మిగతావి దక్కుతాయి. నోటీసు సంగతి సార్‌తో మాట్లాడి కొట్టేయిస్తాను."

"దాని జోలికి పోకు." ఆయన గొంతు గట్టిగా పలికింది. "గీత దాటాను, రాశావు. అది నీ పని. చుట్టానికి కొట్టేశావంటే రేపు బోటతనికి ఏ మొహంతో రాస్తావు? ఉండనియ్. పద, ఎక్కడికి రావాలి?"

ఆఫీసులో రేంజరు కాగితం మీద ఆయన వివరాలు రాసుకుంటూ ఆగాడు. "మీ మీదే నోటీసు ఉన్నట్టుందే?"

"అందుకే సార్, గీత ఎక్కడుందో నాకంటే బాగా ఇంకెవరికీ తెలీదు."

రేంజరు కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

బుధవారం నీరు తీసిన వేళ ముగ్గురూ దిబ్బకు వెళ్ళారు. ఎంత దూరంలో గుంజలు పాతాలన్నది తేల్చాలి. మామయ్య ఒక ఉపాయం చెప్పాడు. తను దూరం నుంచి మామూలుగా నడిచి వస్తాడు. మొదటి పిట్ట లేవగానే ఆమె చెయ్యెత్తాలి, ఆయన అక్కడే ఆగాలి. మూడు వైపుల నుంచి మూడుసార్లు నడిచాడు. ఒకసారి నూట ముప్పై అడుగుల దగ్గర లేచాయి, ఒకసారి నూట నలభై, గాలి అటు వీచినప్పుడు నూట అరవై. రేంజరు ప్యాంటు మడతలు మోకాళ్ళ దాకా ఎక్కించి, తడి ఇసుకలో నిలబడి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఫైలు చూస్తున్నా గుడ్డు మీద కూర్చున్న పిట్టని చూడడం ఆయనకు అదే మొదటిసారి.

"రెండొందల అడుగులు పెడదాం" అన్నాడు. "వాటికి కాస్త ఊపిరాడనిద్దాం."

శుక్రవారం ఉత్తర్వు టైపయింది. శనివారం గుంజలు లేచి అవతలికి నడిచాయి. ఆదివారం బోటతను వచ్చి కొత్త గుంజలు చూసి మోటారు ఆపేశాడు. మొహం గంటుపెట్టుకున్నాడు.

"ఇది అన్యాయం అమ్మా. నా బోటెక్కినవాళ్ళకి ఏం చూపించాలి?"

"పిట్టల్నే చూపించు. కాకపోతే ఇక్కణ్ణుంచి." ఆమె తన గొట్టం అందించింది.

బోటులోని ఒక పెద్దావిడ అది కళ్ళకు ఆనించుకుని, "అమ్మో, ఈ పిట్ట కింద ఏదో కదులుతోంది... పిల్ల! పిల్లండీ!" అని కేకేసింది. ఇక ఆ గొట్టం కోసం బోటులో తోపులాట. బోటతను గొణుక్కుంటూనే మోటారు లేకుండా, తెడ్డుతో గీత పొడుగునా మెల్లగా తిప్పాడు. మూడో వారానికల్లా తన సొంత గొట్టం కొనుక్కుని వచ్చాడు.

ఆ ఏడు తొంభై పైచిలుకు పిల్లలు రెక్కలొచ్చి ఎగిరాయి. చివరిది ఎగిరిన రోజు తల్లి కూడా గట్టు మీదికి వచ్చి చూసింది. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, కూతుర్ని ఉద్దేశించి, "కాగితం రాస్తే రాశావు గానీ, పని మాత్రం సరిగ్గా చేశావులే" అంది. ఆమెకు అదే మెడల్.

రేంజరు పదవీ విరమణకు ముందు చివరిగా పైకి పంపిన ఫైలు అదే. నిబంధన మారింది. గీత ఇక పటంలో ఉండదు. ఏటా గుడ్ల కాలం మొదట్లో గార్డూ గుల్లలవాళ్ళూ కలిసి నడిచి, పిట్టలు ఎక్కడ దిగితే అక్కడ గీయాలి. పిట్టలు లేని బురద గుల్లలవాళ్ళది. పిట్టలు దిగనంతకాలం పాత చోటుకి గుడ్ల కాలంలోనూ అడ్డు లేదు. మామయ్య ఆ చలికాలమంతా నిండు బుట్టలతో ఇంటికి వచ్చాడు.

రెండో ఏడు మొదటి నడకకు ఏడుగురు బయల్దేరారు. దిబ్బ మళ్ళీ చోటు మార్చింది. రెండుగా చీలి, ఒక ముక్క ఒడ్డు వైపు జరిగింది. పిట్టలు ఆ ముక్క మీద దిగాయి. దాన్ని ఆనుకునే ఉంది మామయ్య బురద. ఆయన చేతి పార ముప్పై ఏళ్ళు గీరిన చోటు, మొగ మొత్తానికి లావు గుల్లలు దొరికే చోటు.

ఆమె భుజం మీద గుంజల కట్ట అలాగే ఉండిపోయింది.

"వీటికి లోకంలో ఇంకెక్కడా ఇసుక దొరకలేదా?" అన్నాడు మామయ్య ఎట్టకేలకు. పిట్టల్ని నాలుగు తిట్లు తిట్టాడు. ఆ తిట్లకు మిగతావాళ్ళు నవ్వారు. తర్వాత వెనక్కి తిరిగి, తన బురద మీదుగా అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. నూట తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, రెండొందలు. ఆగి మడమతో నొక్కి గుర్తు పెట్టాడు.

"ఇక్కడ పాతు."

"మరి నీ పని, మామయ్యా?"

"అవతలి ఒడ్డున సన్నగుల్లలున్నాయి. నడక ఎక్కువ, అంతేగా. నడుస్తాను. నాలుగు నెలలేగా!"

ఆయన గుంజ నిలబెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె సుత్తి ఎత్తింది.

"నా వేళ్ళు చూసి కొట్టవే, అవి కూడా అంతరించిపోయే జాతే!"

మొదటి దెబ్బ నవ్వు వల్ల పక్కకు పోయింది. రెండో దెబ్బకు గుంజ బురదలోకి దిగింది. తర్వాతది పాతడానికి ఇద్దరూ ముందుకు నడిచారు.