పార్డన్ దొర టోపీ లేచే చోటు

రండి, రండి! కుర్చీలు దగ్గరికి లాక్కోండి. లాయిడ్, చెవి మిషను పెట్టుకో. డోరిస్, నీ మోకాలినొప్పి సంగతి రేపు చెబుదువుగాని, అదెక్కడికీ పోదు. ఆ మూల పేకాట వాళ్ళూ, నోళ్ళు కాస్త కట్టెయ్యండి! నిన్న మధ్యాహ్నం జరిగింది చెప్తున్నా. ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళన్నీ ఊడిపోవాలి. ఊడ్డానికి ఏమున్నాయంటావా? అది నీకెందుకు?

మా ఆయన కాస్పర్ మీకు తెలిసినవాడే. మూకీల రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవాడు. పదిహేనేళ్ళు తిప్పీ తిప్పీ ఆ కుడిచెయ్యి ఎలా తయారైందంటే, ఎవరైనా పలకరించి చెయ్యి కలిపితే వాళ్ళ చెయ్యి మూడు చుట్లు తిరిగొచ్చేది. నిద్దట్లోనూ తిప్పేవాడు. రాత్రి ఆ చేతికి మీగడ సీసా ఇచ్చి పడుకున్నానంటే, పొద్దున రొట్టెకి వెన్న సిద్ధం.

తిప్పేటప్పుడు వేగం తప్పకుండా కూనిరాగం తీసేవాడు. వాళ్ళమ్మ బట్టలుతుకుతూ పాడే రాగం. టిం టిం టిరిరిం... టప్! ఆ 'టప్' దగ్గర ఆవిడ గుడ్డ బండకేసి కొట్టేదిట. అప్పట్లో కెమెరా తిప్పే ప్రతివాడికీ ఏదో ఒక రాగం ఉండేది. కానీ మా ఆయన రాగానికి ఫెర్గస్ లోమాక్స్ నడిచేవాడు!

తెర మీద ఫెర్గసే పార్డన్ దొర. ఏనుగంత మనిషి, నెత్తిన నిమ్మకాయంత టోపీ. మర్యాద ఎక్కువైపోయి చెడినవాడి వేషం. తను గుద్దుకున్న కుర్చీకి క్షమించమని టోపీ తీసేవాడు. తనని కరిచిన కుక్కకి టోపీ తీసేవాడు. గోడ కూలి తన మీద పడితే, ఆ ఇటుకల్లోంచి ముందు టోపీ ఒక్కటే పైకి లేచేది. సరిగ్గా 'టప్' దగ్గర లేచేది! అప్పుడు జనం ఎలా నవ్వేవాళ్ళనుకున్నారు? ఒకాయన హాల్లోకి అన్నగారి చొక్కా వేసుకొచ్చి, నవ్వీ నవ్వీ తమ్ముడి చొక్కా పట్టేంత సన్నబడి ఇంటికెళ్ళాడు.

సరే, ఆ సినిమాలన్నీ పోయాయనుకున్నాం. మూడేళ్ళ కిందట ఓ పాత నారింజపళ్ళ గోదాంలో పది డబ్బాలు దొరికాయి. డెల్ఫీన్ అని ఒక పిల్ల, ఫిల్ముల భాండాగారంలో పని. ఎండుటాకులా పెళపెళలాడే ఫిల్మును బొమ్మ తర్వాత బొమ్మ కడిగి, అతికి, మరకలు తీసి మూడేళ్ళలో ఒక్క డబ్బా బాగు చేసింది. మిగిలినవి తొమ్మిది. వాటికేమో అగ్గిపుల్ల పేరు చెబితే చాలు, భగ్గుమంటాయి. వాళ్ళ పెద్ద ప్రెస్కాట్ గారికి అదీ భయం.

"చూడమ్మాయ్, ఇది జనాన్ని నవ్విస్తే మిగతా తొమ్మిదీ బాగుచేద్దాం. నవ్వించకపోతే సోమవారం ఎడారికి తోలించి తగలబెట్టిస్తా" అన్నాట్ట. ఆయన మొహం చూస్తే, పుట్టినప్పుడు మంత్రసాని తట్టినా ఏడవలేదు, తర్వాత గిలిగింత పెట్టినా నవ్వలేదు అనిపిస్తుంది.

నిన్న వర్మాంట్ వీధి హాల్లో ఆట. నన్ను ముందు వరసలో, డెల్ఫీన్ పక్కన కూచోబెట్టారు. దీపాలార్పారు. తెర వెలిగింది. అబ్బ! ఫెర్గస్ కోటు మీద దారప్పోగులు కూడా లెక్కపెట్టొచ్చు! నాకు ఒళ్ళంతా పులకరం.

పార్డన్ దొర తను మనసిచ్చిన పిల్లకి గాజుతొట్టిలో బంగారుచేపని పట్టుకెళ్తున్నాడు. రెండు చేతులూ తొట్టికే సరిపోయాయి. ఎదురుగా దీపస్తంభం. పలకరించకుండా ఎలా వెళ్తాడు? తొట్టిని పక్కనున్న ట్రాము మెట్టు మీద పెట్టి టోపీ తీశాడు. ట్రాము కదిలిపోయింది!

తెర పక్కన పియానో మోగుతోంది, హాల్లో ఒక్క నవ్వూ లేదు. ఎవరో దగ్గారు. ఎవరో చాక్లెట్ కాగితం విప్పారు. డెల్ఫీన్ నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లా, వాడెందుకలా శవం వెనక నడుస్తున్నట్టు నడుస్తున్నాడు?" అన్నాను.

"మామూలు నడక వేగానికి సరిచేశామండీ మర్టిల్ గారూ. మునుపు మరీ గబగబా ఉందని, తప్పేమోనని..."

"పార్డన్ దొరని మామూలు మనిషిని చేశావా! నెమలికి చలేస్తుందని ఈకలు పీకి స్వెట్టరు తొడిగావే తల్లీ!"

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తొమ్మిది డబ్బాలండీ..." అంది, అంతే. వెనక వరసలో ప్రెస్కాట్ గారు గడియారం చూసుకుంటున్నాడు.

నేను లేచాను. సినిమా వేసే మిషను గదికి నలభైయొక్క మెట్లు. నాకు ఎనభైరెండేళ్ళు. ఎంత గబగబా ఎక్కానంటే, నేను పైకి చేరేసరికి నా చేతికర్ర ఇంకా పదో మెట్టు మీదే ఉంది, పాపం రొప్పుతూ.

అక్కడ రుఫీనో మిషను చూసుకుంటున్నాడు. "బామ్మగారూ, ఇక్కడికి రాకూడదండీ!"

"వచ్చేశాగా. వేగం పెంచే మీట ఏది?"

"ఇదీ. కానీ ఎంత పెట్టాలో ఈ చీటీ మీద రాశారండీ."

"ఆ చీటీ రాసినవాడు కాస్పర్ పక్కలో పడుకున్నాడా? నేను పడుకున్నా, ముప్ఫయ్యేళ్ళు! నేను పాడతా, నువ్వు తిప్పు."

టిం టిం టిరిరిం... టప్! టోపీ ఇంకా లేవలేదు. "ఇంకొంచెం!" టిం టిం టిరిరిం... టప్! టోపీ సగం లేచింది. "తిప్పరా నాయనా, మీట విరిగితే నా కాలెముక పెట్టుకో!"

టిం టిం టిరిరిం... టప్!

లేచింది! టోపీ సరిగ్గా అక్కడే లేచింది! దొర ట్రాము వెంట పడ్డాడు. ఒక్కో దీపస్తంభం దగ్గరా ఆగడం, టోపీ తియ్యడం, మళ్ళీ పరుగు. పదమూడు స్తంభాలు, పదమూడు టప్‌లు! నేను కిటికీలోంచి తల బయటపెట్టి గొంతు చించుకుని పాడుతున్నా. కింద పియానో ఆయన తన పాట పారేసి నా రాగం అందుకున్నాడు. జనం చప్పట్లతో 'టప్' కొడుతున్నారు. తర్వాత కొట్టలేకపోయారు, పొట్టలు పట్టుకోడానికే చేతులు చాల్లేదు!

ఏం నవ్వులవి! మూడో వరసలో ఒకాయన కట్టుడుపళ్ళు ఎగిరి ఆరో వరస ఆవిడ పాప్‌కార్న్‌లో పడి, అవి కూడా అక్కడే నవ్వుకుంటూ నాలుగు గింజలు నమిలాయి. పైకప్పు జానెడు లేచి, మర్యాదగా మళ్ళీ కూచుంది. అదీ 'టప్' దగ్గరే!

మరి ప్రెస్కాట్ గారు? ముందు ముక్కులోంచి, తుప్పుపట్టిన తలుపు తీసినట్టు కిర్రుమంది. భుజాలు కదిలాయి. కోటు గుండీ ఒకటి తెగి, పియానో మీద పడి, సరైన స్వరమే పలికింది. చివర్లో దొర చెమటలు కక్కుతూ పిల్ల ఇంటి తలుపు తడితే, లోపల చేప అప్పటికే ట్రాములో వచ్చేసి, తొట్టితో సహా బల్ల మీదుంది, పిల్ల వాళ్ళ నాన్న దానికి టోపీ తీస్తున్నాడు! అది చూసి ప్రెస్కాట్ గారు కుర్చీలోంచి జారి కిందపడ్డాడు.

డెల్ఫీన్ పరుగెత్తుకెళ్ళింది. "సార్, బాగానే ఉన్నారా? సార్, ఆ తొమ్మిదీ..."

"తొమ్మిదీ చెయ్యి!" అన్నాడాయన నేలమీంచే, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ పాడే ముసలావిణ్ణి కూడా లాబొరేటరీకి తీసుకుపో! ఇవాళ మాత్రం ఇంకోటి వెయ్యకండి, చచ్చిపోతాను!"

ఆ పిల్ల నా మెడ పట్టుకుని ఏడ్చిందో నవ్విందో నాకైతే తెలీదు. నా భుజం మాత్రం తడిసింది. మంగళవారం నుంచి పనికెళ్తున్నా, వినండహో!

బయటికొచ్చేసరికి గుమ్మం దగ్గర ఓ పోలీసాయన. ఇంత గోలేమిటో చూద్దామని వచ్చి, ట్రాము పరుగంతా నిలబడి చూశాట్ట. ఊరంతా నవ్వుతుంటే ఆయనొక్కడే మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఏం బాబూ, నచ్చలేదా?" అన్నాను.

"ఇందులో నవ్వడానికేముందమ్మా?" అన్నాడు చాలా నొచ్చుకుంటూ. "అంత పెద్దమనిషి అన్నిసార్లు టోపీ తీస్తే, పదమూడు స్తంభాల్లో ఒక్కటంటే ఒక్కటైనా దీపం వెలిగించి పలకరించొద్దూ?"