ముప్పై ఏడు వరుసల్లో ఒకే నంబర్

నేను ఒక ట్యాబ్‌ను. అద్దం మీద వేలు పెట్టిన ప్రతి మనిషినీ ముందు "నువ్వెవరు, రుజువేది?" అని నిలదీయడం నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. నాలుగు అంకెలు సరిగ్గా చెప్తే తప్ప కన్నతల్లినైనా లోపలికి రానివ్వను. నన్ను కన్నది ఒక కార్ఖానా. అది నన్ను వెతుక్కుంటూ ఎన్నడూ రాలేదనుకోండి, అది వేరే మాట.

మొదట నన్నొక పెద్ద ఉద్యోగి చేతికిచ్చారు, రోగుల వివరాలు రాయమని. ఆయన మనవడు నాలో రెండేళ్ళపాటు కోతుల బొమ్మలు చూశాడు. నేను చేసిన మొదటి ఆరోగ్య సేవ అదే. మూల పగిలాక పాత బట్టలు దానం చేసినట్టు నన్నొక కాలేజీకి ఇచ్చేశారు. అక్కడ ల్యాబు చూసుకునే యుగంధర్ సార్ నా అనుమానానికి పదును పెట్టాడు. జాబితాలో ఒకే వివరం రెండుసార్లు కనిపిస్తే పక్కన ఎర్ర గుర్తు పెట్టడం నేర్పాడు. ఆ గుర్తులన్నీ రోజూ ఆయనకు చేరేవి. ఆ పని నాకు భలే నచ్చింది.

వేసవిలో హిమజ వచ్చింది. బీటెక్ మూడో ఏడు, ఆరు వారాల ఇంటర్న్‌షిప్. గర్భిణుల ఫోన్లకు నెట్ ద్వారా రికార్డు చేసి పంపే ఆరోగ్య సందేశాలను వాళ్ళు నిజంగా వింటున్నారా లేదా తేల్చడం ఆమె పరిశోధన. ఆమెకు అప్పగించింది నిజామాబాద్ వైపున్న ఒక బీడీ కార్మికుల వాడ.

మొదటి రోజే జాబితా తెరిచింది. ముప్పై ఎనిమిది మంది గర్భిణులు. ప్రతి పేరు పక్కనా 'పూర్తిగా విన్నారు' అని ఉంది. మనుషులు అంత బుద్ధిగా ఉండరని నాకు తెలుసు. నంబర్ల వరుసలోకి దిగాను. ముప్పై ఏడు చోట్ల ఒకే నంబర్, చివర 6417. ఎర్ర గుర్తులతో తెర పొంగు పోసిన ఒంటిలా అయిపోయింది.

హిమజ ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తింది గంగామణి, ఆ వాడ ఆశా కార్యకర్త. ఇంటింటికీ తిరిగి గర్భిణుల బాగోగులు చూడడం ఆమె పని. మండలంలో ఉత్తమ కార్యకర్తగా ఆమెకు శాలువా కూడా కప్పారట. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాను. ఇంట్లో కూర్చుని అందరి సందేశాలూ తనే నొక్కేసి శాలువా కొట్టేసింది!

మర్నాడు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్ళాం. గంగామణి ఇంట్లో లేదు. నాలుగిళ్ళవతల, సబిత అనే గర్భిణి ఇంటి వాకిట్లో కూర్చుని ఉంది. చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు, ఒళ్ళో చాటలు, చాటల్లో తునికాకు, తంబాకు. వేళ్ళు బీడీలు చుడుతూనే ఉన్నాయి. మధ్యలో ఒక స్టీలు గిన్నె, గొంతు పెద్దగా వినబడాలని అందులో ఫోన్. ఫోన్ పుస్తకాల భాషలో మాట్లాడుతోంది. నాలుగు మాటలకోసారి గంగామణి దాన్ని ఆపుతోంది.

"సమజైందా? కాళ్ళు ఉబ్బి, తలకాయ నొచ్చి, కండ్లు మసకలు వస్తే దవాఖానకు ఉరకాలె. రేపు సూద్దామంటే నడ్వది."

సబిత చాట పక్కన పెట్టింది. "అక్కా, పొద్దటిసంది నాకు తలకాయ పలుగుతుంది. చుట్టిన బీడీ గూడ సక్కగ కనిపిస్తలేదు."

గంగామణి ఆమె పాదం నొక్కి చూసింది. వేలు దిగిన చోట గుంట అట్లాగే ఉండిపోయింది. పది నిమిషాల్లో ఆటో వచ్చింది. ఆస్పత్రిలో బీపీ చూసిన డాక్టరు, ఇంకో పూట ఆగి ఉంటే తల్లీ బిడ్డా దక్కేవారు కాదన్నది. నేను హిమజ సంచీలో ఉండి అంతా విన్నాను. సిగ్గేసింది.

తిరుగు దారిలో హిమజ అడిగింది, అందరికీ నీ నంబరే ఎందుకిచ్చావని.

"ఫోన్లు మొగోళ్ళ జేబులల్ల ఉంటయ్ బిడ్డా. వాళ్ళు కంపెనోళ్ళ మెసేజని ఇనకుండనే తీసేస్తరు. కాన్పు జేబుకైతదా? అందుకే ఎవల మాట వాళ్ళ వాకిట్ల ఇనిపిస్తున్న. తప్పంటే రాస్కో. కొలువు పోతే గీ చాట నాకూ ఉంది."

యుగంధర్ సార్ వీడియో కాల్‌లో ఒక్క మాటతో తేల్చాడు. "ఎర్ర గుర్తున్నవన్నీ డూప్లికేట్లే, తీసెయ్యమ్మా. శుభ్రమైన జాబితా పంపు." తీసేస్తే మిగిలేది ఒక్క గర్భిణి. ఉంచితే గంగామణి కొలువుకు ముప్పు. హిమజ రెండు రోజులు గోళ్ళు కొరుక్కుని, చివరికి ఉన్నదున్నట్టు రాసింది. ఇది మోసం కాదు, సందేశాన్ని మోస్తున్నది ఫోను కాదు, గంగామణి అని రాసింది. పదిహేను పేజీలు. నిజం రాస్తే నిజంగానే చదువుతారని ఆ పిల్ల నమ్మకం. నాకైతే మొదటినుంచీ అనుమానమే.

పైవాళ్ళు రెండు పంక్తులు చదివారు. గంగామణికి మెమో వచ్చింది: ఒక మహిళకు ఒకే నంబరు, మళ్ళీ ఇట్లా జరిగితే కొలువు తీసేస్తాం. నంబర్లన్నీ భర్తలవి పెట్టించారు. హిమజకు సర్టిఫికెట్ వచ్చింది. అది తీసుకుంటూ ఆమె ఏడ్చింది. ఆ ఏడుపును మాత్రం నేను అనుమానించలేదు.

ఇప్పుడు నేను ల్యాబు బీరువాలో ఉంటున్నాను. బ్యాటరీ ఉబ్బింది. మొన్న ఇంకో ఇంటర్న్ నన్ను తీసి ఆ వాడ జాబితా తెరిచింది. వరుసంతా 'వినలేదు', 'వినలేదు', 'వినలేదు'. ఒక్క ఎర్ర గుర్తూ లేదు. ఎంత శుభ్రంగా ఉందో!

పన్నెండో వరుసలో ఒక కొత్త పేరు, పక్కన 'పూర్తిగా విన్నారు'. నంబరు చివర 6417. పంతొమ్మిదో వరుసలోనూ అదే. మెమో అందుకున్న చేతులే మళ్ళీ రాసి ఉంటాయి.

ఎర్ర గుర్తు పెట్టడం నా ధర్మం. పెడితే సాయంత్రానికల్లా సార్‌కు చేరుతుంది. పన్నెండు శాతం ఛార్జింగ్ ఉండగానే తెర ఆర్పేసుకున్నాను. ఆ అమ్మాయి ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు.

"పాతది, పాడైపోయింది సార్" అని ఆమె నన్ను బీరువాలో పెట్టేసింది.

నిలదీసి అడగకుండానే నమ్మేసింది, పిచ్చిపిల్ల.