రంగులావిడ పేరు

లేజర్ మిషన్ మూత దించి, పొగ లాగే ఫ్యాను వేసి, అతను వంగి చూశాడు. చెక్కగుర్రం పొట్ట మీద నిప్పుచుక్క పరుగెడుతోంది. దాని వెనకే ఎవరింటి బిడ్డ పేరో ముదురు గోధుమరంగులో తేలుతోంది. కాలిన చెక్క వాసన ఎంత ఉతికినా అతని చొక్కాలను వదలదు. ఇంట్లో అడిగేవాళ్ళు లేరు కనుక ఇబ్బందీ లేదు.

కార్ఖానాలో అతన్ని మునీశ్వరుడంటారు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమోనని భయమట.

అతని వెనక బల్ల రంగులావిడది. అతను చెక్కిన అక్షరాల్లో రంగు నింపి, బొమ్మలకు కళ్ళు పెట్టడం ఆవిడ పని. ఏళ్ళ తరబడి వీపులు ఆనించుకున్నంత దగ్గరగా కూర్చున్నారు. ఆవిడ దగ్గితే అతను ఫ్యాను పెంచుతాడు. ఆవిడ గిన్నె మూత చప్పుడైతే అతనూ తినడానికి లేస్తాడు. ఆ మాత్రం కాపురం చాలామంది మొగుడూపెళ్ళాలకే ఉండదు.

ఇవాళ ఆవిడకు ఆఖరు రోజు. చూపు మందగించింది, తమ్ముడొచ్చి తనింటికి తీసుకుపోతాడు. పేరు చెక్కి ఆవిడ చేతిలో పెడదామని అతను ఒక చెక్క ఏనుగును నున్నగా రుద్ది ఉంచాడు. మిషన్ ముందు కూర్చుని మొదటి అక్షరం కొట్టబోయి ఆగిపోయాడు. ఆవిడ పేరేమిటి? వేల పేర్లు చెక్కిన మనిషికి చెమటలు పట్టాయి.

యజమాని గదిలోకి వెళ్ళి గొణిగాడు.

"రంగులావిడ పేరా? రంగులావిడేనయ్యా! నేనూ అలాగే పిలుస్తాగా. వెళ్ళి ఆవిడనే అడగరాదూ?"

ఇన్నేళ్ళ తర్వాత ఏ మొహం పెట్టుకుని అడగడం? అతనికి సిగ్గేసింది. తమ్ముడొస్తే ఎలాగూ పేరు పెట్టి పిలుస్తాడు, అప్పుడు వినచ్చనుకున్నాడు.

సాయంత్రం వ్యాను వచ్చింది. అతను ఆవిడ మూట మోసుకెళ్ళి లోపల పెట్టి, చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"అక్కా, తొందరగా రా! చీకటి పడేలోగా వెళ్ళిపోదాం," తమ్ముడు కేకేశాడు.

అక్కా. అంతే.

ఆవిడ కాస్త ఆలస్యంగా, చీరకొంగుతో వేళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "వెళ్ళొస్తానండీ మునిగారూ. నా తర్వాత వచ్చేవాళ్ళతోనైనా రెండు ముక్కలు మాట్లాడండి," అంది.

అతని చేతులు ఖాళీగా ఉన్నాయి. పేరు లేని బొమ్మను అతను ఎన్నడూ బల్ల దాటనివ్వలేదు, ఇవాళా దాటనివ్వలేదు. వ్యాను కదిలాక మాత్రం కిటికీ పక్కనే నడుస్తూ అడిగేశాడు.

"మీ పేరు...?"

ఆవిడ కిటికీలోంచి అతని వైపు తల తిప్పింది. "అడుగుతారేమోనని చాలా ఏళ్ళు చూశానండీ. ఇప్పుడు దాంతో మీకేం పని?"

వ్యాను మలుపు తిరిగిపోయింది. అతనికి ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా లోపలికి వచ్చాడు.

అతను మూట మోసుకెళ్ళిన ఆ కాస్సేపట్లో, ఆర్డరు బొమ్మే అనుకుందో, తెలిసే చేసిందో, ఆవిడ అతని బల్ల మీది ఏనుగుకు కళ్ళు పెట్టేసింది. పేరుండాల్సిన చోటు నున్నగా ఉంది. కళ్ళ రంగు ఇంకా ఆరలేదు.