మసకసీమలో ఎవరూ చావరు

యోబును గనిలోంచి పైకి తెచ్చేసరికి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. తాండూరు బయట నాపరాయి తీసే గని మాది. పొద్దున్నే చరియ విరిగి అతని మీద పడింది. మేమంతా గడ్డపారలు వేసి బండ లేపాం. కాంట్రాక్టర్ చంద్రకాంత్ వచ్చి చూశాడు. దవాఖానకు ఫోన్ చెయ్యలేదు. శవాన్ని రాళ్ల ట్రాక్టర్‌లో వేయించి కరణ్‌కోట రోడ్డు పక్కన దింపించాడు.

"లారీ గుద్దింది. వీడు నా గనిల పనే చెయ్యలే" అన్నాడు మా వైపు తిరిగి. "ఇంకో మాట అన్నోడు రేపు పనికి రావద్దు."

ఠాణాలో కూడా లారీ అనే రాసుకున్నారు. మేం పోయి జరిగింది చెబితే, సాక్ష్యం ఏదని అడిగారు. సాక్షులం మేం ఎదురుగానే నిలబడి ఉన్నాం.

యోబు కోసం సభ పెట్టుకుంటామంటే ఎస్సై వద్దన్నాడు. ధర్నా అసలే వద్దన్నాడు. నాతో పాటు వచ్చిన యోబు బిడ్డ నిరోషా అప్పుడు నోరు విప్పింది. తాండూరులోనే డిగ్రీ చదువుతోంది. చిన్నప్పటి నుంచి లేని దేశాలను కల్పించి చెప్పడం ఆ పిల్లకు అలవాటు. గని నుంచి వచ్చిన యోబు కాళ్లు కడుక్కోకుండానే కూర్చుని వినేవాడు.

"నాటకం ఆడుకోవచ్చా సార్? రాజులు, రాజ్యాలు. యాడా లేని దేశాలది."

ఎస్సై నవ్వాడు. "ఆడుకోండి. ఇక్కడోళ్ల పేరు మాత్రం ఎత్తొద్దు."

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు కూర్చున్నాం. నిరోషా కథ చెప్పింది. గుట్టకు ఇవతల మసకసీమ. అక్కడ గనిలో ఎవరూ చావరని సర్కారు చట్టం చేసింది. చచ్చినవాడు పక్క దేశం వాడని తీర్మానం. గుట్టకు అవతల ఊటసీమ.

"ఊటసీమల సర్కారు ఎట్లుంటదో నాకు తెల్వది. అది మీరే చెప్పాలె" అంది.

ముసలి కిష్టయ్య ముందుగా అందుకున్నాడు. బండకు రంధ్రాలు కొట్టీ కొట్టీ అతని చెవులు సగం పోయాయి. "మంచి రాజుంటడు. మారువేషంల తిరిగి కష్టం జూస్తడు."

"రాజు మంచోడే అనుకో" అంది రాళ్లు మోసే రాహేలమ్మ. "ఆని కొడుకు గూడ మంచోడైతడని నీకెవలు చెప్పిన్రు?"

"మరి ఎవలు ఏలుతరు? నువ్వా?"

"నేనెందుకు ఏల్త? నన్ను అడగకుండ ఎవడు ఏలొద్దు అంటున్న."

"ఓట్లు పెడదాం" అన్నాన్నేను.

"ఓట్లు మనకు లెవ్వా, శ్రీనూ? ఓటేసిన తెల్లారి మనల్ని అడిగెటోడు ఎవడున్నడు?" అంది రాహేలమ్మ.

మాటలు పెరిగాయి. సర్కారే వద్దని ఒకరన్నారు. సర్కారు లేకుంటే చంద్రకాంత్ లాంటోళ్లే సర్కారవుతారని ఇంకొకరు. యోబు భార్య మొగులమ్మ అప్పుడు తలెత్తింది.

"గా దేశంల మనిషి సస్తే గని ఆగాలె. సేటు, సర్కారు మనిషి, ఇద్దరు గనిలకు దిగాలె. మనిషి యాడ సచ్చిండో ఆడనే నిలబడి, మావోడే, మా పనిలనే సచ్చిండు అనాలె. అనేదాక ఎవ్వలు సుత్తి లేపొద్దు."

"గా చట్టం ఎవలు నడిపిస్తరవ్వా?" అని నిరోషా మెల్లగా అడిగింది. "పోలీసోళ్లా?"

"సుత్తి ఎవల చేతుల ఉన్నదో ఆళ్లే."

కిష్టయ్యకు సరిగా వినబడలేదు. పక్కవాడితో మళ్లీ చెప్పించుకున్నాడు. "గదొక్కటుంటే రాజు లేకున్నా నడుస్తది" అన్నాడు.

మా బస్తీ మైదానంలో నాటకం ఆడిన సాయంత్రం కాలు పెట్టే సందు లేదు. రాళ్ల పాలిష్ మిషన్ల మీద పనిచేసేవాళ్లు ముఖాల మీద తెల్లదుమ్ముతోనే వచ్చారు. ధారూర్‌లో ఉండే నిరోషా కాలేజీ పిల్లలు రైలెక్కి వచ్చారు. ముందు కుర్చీల్లో ఎస్సై, చంద్రకాంత్.

తువ్వాలు తలపాగా చుట్టి కిష్టయ్య మసకసీమ రాజయ్యాడు. శవాన్ని తెచ్చి ముందు పెడితే, "ఇది ఏ దేశపు శవం?" అని మంత్రిని అడిగాడు.

"రోడ్డు మీద దొరికింది మహారాజా. రోడ్డుదే."

అప్పటిదాకా నవ్వుతున్న జనం నవ్వడం మానేశారు. చంద్రకాంత్ లేచాడు.

"బంద్ చెయ్యున్రి. నా మీద ఆడుతున్రు ఇది."

"గిది మసకసీమ, సేటూ" అంది రాహేలమ్మ. "మీరు గా దేశంల ఎప్పుడున్నరు?"

జనం మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. ఎస్సై దీపాలు ఆర్పించి, నాటకం ఎవరు కట్టారని అడిగాడు. నిరోషా ముందుకొచ్చింది. కిష్టయ్య, రాహేలమ్మ అడ్డం పోయారు. లాఠీ దెబ్బకు కిష్టయ్య తలపాగా రక్తంతో తడిసింది. నిరోషాను ఎక్కించుకున్న జీపు వికారాబాద్ రోడ్డు పట్టింది. మొగులమ్మ దాని వెంట కొంత దూరం నడిచి, ఆగి, వెనక్కి వచ్చింది.

"రేపు అందరు గనిలకు దిగున్రి" అంది.

దిగాం. యోబు చనిపోయిన చోటనే కూర్చున్నాం. సుత్తులు పక్కన పెట్టాం. చంద్రకాంత్ కర్ణాటక సరిహద్దు అవతల నుంచి కూలీలను లారీలో దింపాడు. వాళ్లలో ఒకామె, నాగవ్వ, గట్టు మీద నుంచి "ఏనాయ్తు?" అంటూ ఏమైందో అడిగింది. రాహేలమ్మ చెప్పింది. నాగవ్వ తనవాళ్లతో కన్నడంలో ఏదో అని, గంప అక్కడే వదిలి దిగొచ్చింది. కొందరు ఆమె వెంట దిగారు. కొందరు లారీ దగ్గరే ఉండిపోయారు. ఆకలి వాళ్లకూ ఉంది.

మధ్యాహ్నానికి పోలీసులు గట్టంతా నిండారు.

"ఎవరి ఆర్డర్ మీద కూర్చున్నరు?" అని ఎస్సై అరిచాడు.

"నా పెనిమిటి గీడనే సచ్చిండు" అంది మొగులమ్మ లేవకుండానే. "సేటును దిగి గా మాట అనమను. నా బిడ్డను ఇడువున్రి. లేస్తం."

లాఠీలు దిగాయి. చేతులు గట్టిగా పెనవేసుకున్నాం. నా భుజం విరిగిన చప్పుడు నాకే వినిపించింది. మొగులమ్మను కాళ్లు పట్టి ఈడ్చారు. ఆమె ఖాళీ చేసిన చోట్లోకి నాగవ్వ జరిగి కూర్చుంది.

పక్క గనిలో రాయి కోసే మిషన్ పొద్దుటి నుంచీ మోగుతూనే ఉంది. ఆ గనివాళ్లు దాన్ని ఆపేశారు. పోలీసులు తల తిప్పి చూశారు. కాసేపటికి దాని అవతల గనిలో కూడా చప్పుడు ఆగింది.