షెడ్డులో పుట్టిన వరస

లోంజో వంటింటి మెట్ల మీద కూర్చుని బొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ చెవులు పెరటి చివర కట్టెల షెడ్డు దగ్గరున్నాయి. లోపల తమ్ముడు వెర్డెల్ ట్రంపెట్ ఊదుతున్నాడు.

"గింజలు తొక్కల్లో వేస్తున్నావు," అంది అక్క ఒజెల్లా. "ఓసారి గట్టిగా దగ్గు. నువ్విక్కడున్నట్టు వాడికి తెలియాలిగా."

లోంజో దగ్గలేదు.

కాన్సస్ సిటీలో వాళ్ళుండే వీధి వాయిద్యగాళ్ళ మర్యాద అది. నలుగురిలో పరువు పోయి, మళ్ళీ మొహం చూపించేందుకు ఒంటరిగా సాధన చేసుకునేవాణ్ణి 'షెడ్డుకి పోయాడు' అంటారు. మొదట్లో అది నిజంగా కట్టెల షెడ్డే. ఇంట్లోవాళ్ళు పడలేక తరిమితే కుర్రాళ్ళు అక్కడ కూర్చుని ఊదుకునేవాళ్ళు. ఇప్పుడు అద్దెగదిలో తలుపేసుకున్నా షెడ్డే. షెడ్డులో ఉన్నవాడి వాయింపు చాటుగా వినకూడదు. అటు వెళ్ళేవాడు దగ్గాలి. లోపలివాడు కాసేపు ఆపుకుంటాడు.

మార్చిలో ఒక ఆదివారం డాన్సు హాల్లో బ్యాండుతో ఊదుతూ వెర్డెల్ పాట మధ్యలో దారి తప్పాడు. డ్రమ్ములాయన పుల్లలు ఒళ్ళో పెట్టుకుని, "షెడ్డుకి పద నాయనా," అన్నాడు. హాలంతా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది లోంజోనే.

ఇప్పుడు జూలై. షెడ్డులోంచి వచ్చే పాట వరస పైకెక్కి, పడిపోతుందనుకున్న చోట పక్కకి జారి, తాపీగా కిందికి దిగుతోంది. పదేళ్ళుగా తనూ ట్రంపెట్ ఊదుతున్నా లోంజోకి అలాంటిది ఒక్కటీ తట్టలేదు. వారం రోజులు ఆ మెట్ల మీదే కూర్చుని, వరసంతా వేళ్ళకి ఎక్కించుకున్నాడు.

ఊళ్ళో పేరున్న టాలివర్ బ్యాండులో ట్రంపెట్ కుర్చీ, అంటే ఊదేవాడి చోటు, ఒకటి ఖాళీ అయింది. కావలసినవాళ్ళని ఊది వినిపించడానికి ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నారు. "నాకింకా షెడ్డు పని ఉందిలే అన్నా, నువ్వెళ్ళు," అన్నాడు వెర్డెల్.

లోంజో వెళ్ళి ఆ వరసే ఊదాడు. టాలివర్ నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"బాగుంది. ఇదే ఇంకాస్త పై శృతిలో ఊదు."

మూడో స్వరం దగ్గర వేళ్ళు కొయ్యబారాయి.

"పోనీ, నీకిష్టమైన శృతిలో."

అదీ రాలేదు.

"షెడ్డులో కూర్చున్నవాడికి పన్నెండు శృతుల్లోనూ వస్తుంది. తలుపు బయట నిలబడ్డవాడికి ఒకదాంట్లోనే వస్తుంది," అన్నాడు టాలివర్, గొంతు పెంచకుండానే. "ఎవరిదిది?"

"మా తమ్ముడిది."

"అయిదింటి దాకా ఉంటాను. అతన్ని పంపించు."

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? దారి పొడుగునా లోంజో ఇదే అనుకున్నాడు. ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. వెర్డెల్ మొక్కజొన్న రొట్టె తింటున్నాడు.

"కుర్చీ దొరికిందా అన్నా?"

"లేదు."

"వాళ్ళకి చెవుల్లేవులే," అని వెర్డెల్ తన పళ్ళెంలోని రొట్టె సగం విరిచి అన్న ముందు పెట్టాడు. "ఊళ్ళో నీలా ఊదేవాడెవడు?"

వాడు ఎగతాళి చేసినా బాగుండేది. వాడి మొహంలో అసూయ జాడయినా లేదు. ట్రంపెట్ విద్య వీడికి వస్తే వచ్చింది, మంచితనం కూడా వీడికే రావాలా అనిపించింది లోంజోకి. వాడి జాలి ఆపించాలనే నోరు తెరిచాడు.

"టాలివర్ నిన్ను రమ్మన్నాడు. అయిదింటిలోపు."

"నన్నా? నేనెవరో ఆయనకేం తెలుసు?"

లోంజో తల దించుకుని ఆ వరసలో మొదటి నాలుగు స్వరాలు ఈల వేశాడు.

వెర్డెల్ నమలడం ఆగిపోయింది. పొయ్యి దగ్గర ఒజెల్లా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తిడతాడేమో, కొడతాడేమో అని లోంజో చూశాడు. అదే కావాలనిపించింది కూడా.

వెర్డెల్ చేతులు కడుక్కున్నాడు. షెడ్డుకి వెళ్ళి ట్రంపెట్ పెట్టె తెచ్చుకున్నాడు. అన్న కుర్చీ వెనకనుంచి నడిచి, అటు చూడకుండా వీధి తలుపు తీసుకుని టాలివర్ దగ్గరికి వెళ్ళిపోయాడు.