ఉష తెచ్చిన అద్దాల పెట్టె

నా మనవరాలు ఉషకు ఉద్యోగం వచ్చిందని నా కొడుకు రంగనాయకులు స్కూటరు కొనుక్కోమని డబ్బిచ్చాడు. ఉష నెల్లూరు పోయి, ఒక్కో భాగం ఏరి, ఆటల కోసం కంప్యూటర్ చేయించుకొని వచ్చింది. లక్షా అరవై వేలు. ఒక పక్కంతా అద్దం, లోపల ఏడు ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు.

రంగనాయకులు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“అరవై వేల దాంట్లో ఈ ఆటలు రావా?”

“వస్తాయి నాయనా. ఆగి ఆగి వస్తాయి.”

“యాడ ఆడినా ఓడిపోయేది నువ్వే గదా. ఆ ఓడేదేదో చవగ్గా ఓడు.”

“ఆగిపోబట్టే ఓడిపోతుండా.”

“ఏడు ఫ్యాన్లంట. మన రొయ్యల చెరువుకే గాలి కొట్టేదానికి నాలుగు ఏరేటర్లు.”

కొత్తది కొత్తగా ఉంటే వారంలోపు వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద ఉంది. ఆదివారం ఇచ్చేయమన్నాడు రంగనాయకులు. అప్పటిదాకా ఉష అన్నం కూడా కంప్యూటర్ ముందరికే తెప్పించుకుంది.

శనివారం ఆమె బయటికి పోయినప్పుడు దుమ్ము తుడుద్దామని అద్దం తీశాను. లోపల ఇనుమంతా మెరిసిపోతోంది. మా ఇంటికి సముద్రం దగ్గర. కొత్త ఇనుముకు వెంటనే గ్రీజు పూయకపోతే ఉప్పుగాలి తినేస్తుంది. మా ఆయన ఉన్న రోజుల నుంచీ చెరువు ఏరేటర్లకు పూసేది నేనే. తిరిగిచ్చే వస్తువైనా తుప్పుతో ఇవ్వకూడదని మరలకూ, రేకుకూ, ఫ్యాన్లకూ దండిగా పూసి అద్దం బిగించాను.

ఆదివారం కంప్యూటర్ షాపాయన సుధాకర్, తెచ్చే ముందు ఒకసారి వీడియో కాల్‌లో చూపించమన్నాడు. ఉష దిగులుగా స్విచ్ వేసింది. ఏడు ఫ్యాన్లూ తిరిగి అద్దం నిండా నల్లటి చుక్కలు చిమ్మాయి.

“ఏందన్నా అది?” అన్నాడు సుధాకర్.

“గ్రీజు,” అన్నాను నేను. “మంచి రకమే నాయనా.”

 సుధాకర్, ఆపి గుడ్డతో తుడుచుకుంటే పనిచేస్తుందనీ, వెనక్కి మాత్రం తీసుకోననీ చెప్పాడు.

“అమా, నువ్వూ ఉషా కూడబలుక్కున్నారా?” అన్నాడు రంగనాయకులు.

“గ్రీజు పూసేదానికి నిన్ను ఎప్పుడన్నా అడిగినానా?”

తండ్రీ కూతుళ్లు మధ్యాహ్నం దాకా తుడిచారు. తర్వాత రంగనాయకులు, లక్షా అరవై వేలు యాడ కనపడతాయో చూపించమని కూర్చున్నాడు. ఉష కార్ల పందెం పెట్టింది. మూడుసార్లు కారును సముద్రంలోకి దించాడు.

“నీళ్లు మాత్రం బాగుండాయే. అరవై వేల దాంట్లో ఇట్ట కనపడవా?”

“కనపడవు నాయనా.”

“సరే, మళ్లీ పెట్టు. ఈసారి రోడ్డు మీద పోతా.”